ఒక సెమికోలన్ కోసం పరుగు

కొత్తగూడ సిగ్నల్ దగ్గర షేర్ ఆటో ఆగిపోయింది. రసజ్ఞ కుదురుగా కూర్చోలేకపోతోంది. సగం రోజు సెలవు పెట్టి బయల్దేరే ముందే తను రాసిన సహాయ పేజీని టీమంతటికీ పంపింది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పాత మార్పులను మళ్లీ ఒక్కొక్కటిగా పేర్చేటప్పుడు మధ్యలో రెండు కమాండ్లు ఎలా నడపాలో అందులో ఉంది. మొదటిది టెస్టులు నడుపుతుంది. రెండోది పాత ఫలితాల ఫోల్డర్‌ను తుడిచేస్తుంది. అంతా సరిగ్గానే రాశాను కదా అనుకుంటుంది, మళ్లీ ఏదో గుచ్చుతుంది.

ముందు సీట్లో డ్రైవర్ ఫోన్‌లో ఇంటావిడ మీద అరుస్తున్నాడు. “గోలీలు బంద్ చెయ్యకు! డాక్టర్ చూసినంక కాదు, ఆయన బంద్ చెయ్యమంటేనే!”

రసజ్ఞకు తన పేజీలో గుచ్చుతున్నదేమిటో అప్పుడు తట్టింది. రెండు కమాండ్ల మధ్య తను సెమికోలన్ పెట్టింది. అంటే టెస్టు అయ్యాక రెండోది నడుస్తుంది, పాసైనా ఫెయిలైనా సరే. పెట్టాల్సింది రెండు ‘అండ్’ గుర్తులు (&&). అప్పుడు పాసైతేనే నడుస్తుంది. ఆ ఫోల్డర్‌లో ఉన్నవే, టెస్టు పాసై కొత్తవి వచ్చేదాకా, రేపు క్లయింటుకు చూపడానికున్న ఫలితాలు, వేరే కాపీ లేదు. అవన్నీ టీమ్‌లోని నవ్య కష్టం. నవ్య ఈ మధ్యాహ్నమే ఆ కమాండ్లు నడుపుతానంది.

ఫోన్ చేసింది. ఎత్తలేదు. మెసేజ్ పెట్టింది, చూడలేదు. పేజీ దిద్దుదామంటే ఆఫీసు నెట్‌వర్క్‌లో తప్ప తెరుచుకోదు. ముందుగా ఒక్కరికైనా చూపించకుండా అందరికీ పంపాను, ఏం పొగరు నాది అని తిట్టుకుంటూ ఆటో దిగి, బైకుల సందుల్లోంచి వెనక్కి పరుగెత్తింది. దారిలో చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకునే నడిచింది.

ఆఫీసు గేటు కనిపిస్తుండగా నవ్యే ఫోన్ చేసింది.

“మీటింగ్‌ల ఉంటి అక్కా. ఏమైంది, గిన్నిసార్లు చేసినవ్?”

“ఆ కమాండ్లు నడిపావా?”

“నడిపిన. మొదటి టెస్టే ఫెయిలైంది.”

“ఫోల్డర్ పోయిందా?”

“ఎందుకు పోతది? ఎప్పటిలెక్క ఒక్కో కమాండ్ ఒక్కో లైన్ల రాసిన. టెస్టు ఫెయిల్ కాంగనే ఆడ్నే ఆగింది.”

“మరి నా పేజీ?”

“జర పొడుగుంది అక్కా, సదవలే. ఏమనుకోకు.”

రసజ్ఞ కళ్లలో నీళ్లు తిరిగాయి. వారమంతా కూర్చుని రాసిన పేజీ నవ్య చదవనందుకు దేవుడికి దండం పెట్టుకోవాల్సి వచ్చింది. ఎంత సంతోషంగా ఉందో అంత ఒళ్లు మండింది.

“అందులో తప్పుంది నవ్యా. దాన్ని ఎవరూ వాడొద్దని చెప్పు.”

“సరే తియ్. నువ్వు దిద్దినంక సదువుత.”

“దిద్దాక కాదు,” అంది రసజ్ఞ, “నేను చదవమంటేనే.”