టాస్‌కి ముందు

ఆ హోటల్ కిటికీలు తెరుచుకోవు. అద్దానికి ముక్కు ఆనించి చూస్తే కింద రోడ్డు, బస్టాపు, గొడుగులేసుకుని తమ దారిన తాము పోయే అదృష్టవంతులు కనిపిస్తారు. జట్టు దిగిన అంతస్తులో లిఫ్టు పక్కనే కుర్చీ వేసుకుని ఒక గార్డు కూర్చుంటాడు. బయటికెళ్ళాలంటే మేనేజరుకి చెప్పాలి, మేనేజరు ఇంకెవరికో చెప్పాలి, ఆ ఇంకెవరో వచ్చేసరికి వెళ్ళాలన్న సరదా చచ్చిపోతుంది. విదేశీ పర్యటన అని అందరూ కుళ్ళుకునేది దీన్ని చూసే.

ఆ గదిలో ఇద్దరు వికెట్ కీపర్లు. కిటికీ వైపు మంచం అక్కది. జట్టంతా ఆవిడని అలాగే పిలుస్తారు, ఏళ్ళ తరబడి ఆవిడే కీపరు. తలుపు వైపు మంచం బాటిల్‌ది. బాటిల్ అంటే మనిషే. రెండో కీపరుగా దేశాలు తిరిగి, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా, మైదానంలోకి మంచినీళ్ళ సీసాలు మోసి మోసి ఆ పేరు తెచ్చుకుంది. ఇంటి దగ్గర వాళ్ళమ్మ మాత్రం ప్రతి మ్యాచ్‌కీ టీవీ ముందు బైఠాయిస్తుంది. "నీళ్ళు తెచ్చావు కదే, చూశాను! కాస్త మెల్లగా నడవొచ్చుగా, సరిగ్గా కనిపించేలోపే వెళ్ళిపోయావు" అని ఫోన్ చేస్తుంది.

ఇప్పుడు బాటిల్ తన మంచం మీద కూర్చుని అక్క కుడిచేతి వేళ్ళకి టేపు చుడుతోంది. అందులో ఉంగరపు వేలు విరిగింది. ఆ సంగతి ఈ గదిలో ఉన్న ఇద్దరికే తెలుసు.

విరగ్గొట్టింది బాటిలే. మొన్న ప్రాక్టీసులో కీపర్లిద్దరూ ఎప్పట్లాగే ఒకరికొకరు బంతులు విసురుకుంటుంటే, బాటిల్ విసిరిన ఒకటి గతుకులో పడి లేచి, సరాసరి అక్క గ్లవ్ కొసకి తగిలింది. అక్క కెవ్వుమనలేదు. పళ్ళబిగువున నిలబడి, "ఇంకోటి వెయ్" అంది. గదికొచ్చాక బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

"ఫిజియోకి చూపిద్దాం అక్కా" అని బాటిల్ అప్పుడే బతిమాలింది.

"చూపిస్తే ఎక్స్‌రే అంటుంది. ఎక్స్‌రే తీస్తే ఇంటికి పొమ్మంటారు. ఈ వయసులో ఒకసారి పక్కన కూర్చోబెట్టారంటే మళ్ళీ లేపరే. సిరీస్‌లో చెరో మ్యాచ్ గెలిచాం, తేల్చే ఈ ఒక్కటీ ఆడనీ. తర్వాత నేనే చెప్తాను. ఈలోగా నోరు మెదిపావంటే నా మీద ఒట్టే."

అక్కకి మొదట్నుంచీ ఒక అలవాటుంది. మధ్య వేలూ ఉంగరపు వేలూ కలిపి తనే టేపు వేసుకుంటుంది. వేరే చెయ్యి పడితే క్యాచ్‌లు జారతాయని నమ్మకం, ఫిజియోని కూడా ముట్టుకోనివ్వదు. కాబట్టి ఆ టేపు చూసి ఎవరికీ అనుమానం రాదు. ఇప్పుడు ఆ చేత్తో టేపు చింపలేదు గనక, ఆ పని బాటిల్ మీద పడింది.

బాటిల్ ఇరుక్కున్న తీరు చూడండి. చెప్పకపోతే అక్క వేలు పాడవుతుంది, జట్టు మునుగుతుంది. చెప్తే అక్క బదులు ఆడేదెవరు? బాటిలే. వేలు విరగ్గొట్టిందీ బాటిలే, వెళ్ళి చాడీ చెప్పిందీ బాటిలే, చివరికి ఆ జాగాలో గ్లవ్స్ తొడుక్కుందీ బాటిలే. డ్రెస్సింగ్ రూమ్‌లో ఇన్ని నోళ్ళున్నాయి, జీవితాంతం దెప్పడానికి అందులో ఒక్కటి చాలు. అంతకన్నా దరిద్రం ఇంకోటుంది. వేలు విరిగిందని తెలిసిన క్షణంలో బాటిల్ లోపల ఏదో చిన్నగా గంతేసింది. అది గంతేసిందని ఆమెకి తెలుసు. అందుకే నిజం చెప్పడానికి కూడా మొహం చెల్లడం లేదు.

మ్యాచ్ రోజు ఉదయం హోటల్ డైనింగ్ హాల్లో కోచ్ మేడమ్ ఉడికిన గుడ్డు పెంకు ఒలుస్తూ మామూలుగా అడిగింది.

"మీ అక్క చెయ్యెలా ఉంది? నిన్నంతా ఎడమచేత్తోనే పట్టింది బంతులు."

ఒక్క మాట చాలు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాని వెనకాలే టీవీ ముందు కూర్చున్న అమ్మ, మొదటి మ్యాచ్ ఆడేవాళ్ళకిచ్చే, తన పేరు కుట్టిన కొత్త టోపీ, లోపలి ఆ గంతు, అన్నీ కట్టగట్టుకుని వచ్చాయి.

"బానే ఉంది మేడమ్."

"నువ్వు రెడీగా ఉన్నావా?"

"నేనెప్పుడూ రెడీనే మేడమ్."

"అదే కదమ్మా నీ ఖర్మ" అని నవ్వి మేడమ్ ప్లేటు తీసుకుని లేచింది.

మైదానానికి వెళ్ళే బస్సులో బాటిల్‌కి ఉపాయం తట్టింది. టాస్‌కి ముందు చెప్తే తనని పదకొండు మందిలో వేస్తారు. అదే ఆట మొదలయ్యాక చెప్తే తను సబ్‌స్టిట్యూట్ మాత్రమే. అంపైర్లు ఒప్పుకుంటే సబ్‌స్టిట్యూట్ కూడా కీపింగ్ చేయొచ్చు, కానీ అది మ్యాచ్ ఆడినట్టు లెక్క కాదు. టోపీ ఇవ్వరు, రికార్డుల్లో పేరు రాయరు. ఇక తనని ఎవరు వేలెత్తి చూపిస్తారు? అక్క వేలూ దక్కుతుంది, తన పరువూ దక్కుతుంది. ఆ ఉపాయానికి తనే మురిసిపోయింది.

టాస్ ఓడి ముందు ఫీల్డింగ్‌కి దిగారు. మొదటి ఓవర్లోనే చెప్దామనుకుంది బాటిల్. కోచ్ మేడమ్ కుర్చీ దాకా వెళ్ళి, నీళ్ళు నమిలి, వెనక్కొచ్చింది. ఇంకో ఓవర్ అనుకుంది. ఆ ఓవర్లోనే అవతలి ఓపెనర్ బ్యాట్ అంచుకి తగిలిన బంతి తిన్నగా అక్క చేతుల్లోకి వచ్చి, కింద పడింది. పసిపిల్లలు కూడా పట్టే క్యాచ్. అక్క గ్లవ్ పొట్టకేసి అదుముకుని వంగిపోయింది. ఆ ఓపెనర్ ఇక వెనక్కి తిరిగి చూడలేదు, ఎడాపెడా బాదింది.

డ్రింక్స్ బ్రేక్‌లో బాటిల్ సీసాలు పట్టుకుని పరుగెత్తింది. అక్క గ్లవ్ ఊడదీసి చెయ్యి చాపింది.

"టేపు వదులైంది. గట్టిగా లాగి కట్టు."

వేలు వంకాయలా ఉబ్బి, అదే రంగుకి తిరిగింది. బాటిల్ టేపు చేత్తో పట్టుకుంది గానీ కట్టలేదు.

"కెప్టెన్!" అని అరిచింది. "అక్క వేలు విరిగింది. ఇంక కీపింగ్ చెయ్యలేదు."

కెప్టెన్ వచ్చి చూసి నోరు నొక్కుకుంది. "ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి."

"టాస్‌కి ముందు ఏడవొచ్చు కదే ఆ మాట! నిన్నే ఆడించేదాన్నిగా! సబ్‌గా కీపింగ్ చేస్తావు సరే, అక్క బదులు బ్యాటింగ్ ఎవరు చేస్తారు, మీ తాతా?"

బాటిల్‌కి తల కొట్టేసినట్టయింది. సబ్‌స్టిట్యూట్ బ్యాటింగ్ చేయకూడదు. చిన్నపిల్లకి కూడా తెలిసిన రూలు. కీపర్ బుర్ర కీపర్ బుర్రే, ఎంతసేపూ గ్లవ్స్ గురించి ఆలోచించింది గానీ ప్యాడ్ల సంగతి ఒక్కసారీ తట్టలేదు.

అక్క ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచింది. అంపైర్లు సరేనన్నారు. ఆ తర్వాత బాటిల్ చేసిన కీపింగ్ చూసి తీరాలి. పక్కకి దూకి ఆ ఓపెనర్ క్యాచే పట్టింది, ఇంకొకతెని రెప్పపాటులో స్టంప్ చేసింది. స్కోర్‌బోర్డు మీద మాత్రం రెండుసార్లూ సబ్ అని పడింది.

ఛేజింగ్ తొమ్మిదో వికెట్ దాకా లాగారు. ఇంకా ఎనిమిది పరుగులు కావాలి. మిగిలింది అక్క ఒక్కతే. బాటిల్ మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడకి ప్యాడ్లు కట్టింది. తను ఒంటిమీద దెబ్బ లేకుండా, రెండు చేతులూ శుభ్రంగా పెట్టుకుని, గాజు తలుపు వెనక నిలబడి చూడ్డం తప్ప చేసేదేం లేదు. అక్క ఎడమచేత్తో బ్యాట్ పట్టి ఒక బంతి ఆపింది. రెండోది ఎలా తగిలిందో గానీ బౌండరీకి పోయింది. మూడోది వికెట్లు ఎగరగొట్టింది. సిరీస్ పోయింది.

సాయంత్రం గదిలో అక్క వేలికి ఫిజియో వేసిన రేకు కట్టు. ఇద్దరూ ఎవరి మంచం మీద వాళ్ళు కూర్చున్నారు.

"దాచింది నేను. ఆ తప్పు నాది, కాదనను" అంది అక్క. "కానీ చెప్పాలనుకున్నదానివి పొద్దున్నే ఎందుకు చెప్పలేదే?"

"పొద్దున్న చెప్తే నేను ఆడాలని చెప్పినట్టుండేది."

"ఆడాలని లేదా నీకు?"

బాటిల్ తల దించుకుంది. "ఉంది."

"నా వేలు బాగుండాలని లేదా?"

"ఉందక్కా. ఒట్టు."

"రెండూ నిజమే కదే పిచ్చిదానా. రెండూ నిజమైతే తప్పేంటి?"

ఇంతలో బాటిల్ ఫోన్ మోగింది. అమ్మ.

"గ్లవ్స్ తొడుక్కున్నావే తల్లీ! కళ్ళారా చూశాను. కానీ ఎవరో సబ్ అని వేశారేంటే, నీ పేరు వెయ్యలేదు? నువ్వు ఆడతావా అని ముందు ఒక్క మాటైనా అడగలేదా వాళ్ళు?"

"అడిగారమ్మా" అంది బాటిల్. "నేనే చెప్పలేదు."