పట్టించుకోని కణం

నాకు పిల్లల పేర్లు గుర్తుండవు, సమీకరణాలు గుర్తుంటాయి. ముప్పై ఏళ్లుగా యూనివర్సిటీలో ఫిజిక్స్ చెబుతున్నాను, ఇదో తప్పని ఎప్పుడూ అనుకోలేదు.

నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిని రెండేళ్లుగా శిరీష అనే పిలుస్తున్నాను. అసలు శిరీష అంతకుముందు అదే కుర్చీలో కూర్చుని డాక్టరేట్ తీసుకుని వెళ్లిపోయింది. ఈ పిల్ల మొదట్లో ఒకటి రెండుసార్లు సరిదిద్దింది. తర్వాత ఆ పేరుకే పలకడం మొదలుపెట్టింది. నాకు అదే హాయిగా ఉండేది.

ఆమె థీసిస్ ప్రాథమిక కణాల ద్రవ్యరాశి గురించి. టాప్ క్వార్క్ అనే కణం ఎలక్ట్రాన్ కన్నా మూడు లక్షల రెట్లకు పైగా బరువు. ఎందుకో ఎవరికీ తెలీదు. విశ్వమంతా ఒక క్షేత్రం పరుచుకుని ఉందని, అది ఏ కణాన్ని ఎంత పట్టించుకుంటే దానికంత బరువని క్లాసులో తేలిగ్గా చెప్పేస్తుంటాను. అది అసలు పట్టించుకోని కణం కాంతిలాగా ఒక్కచోట నిలవదు.

"ఒకదాన్ని గంత పట్టించుకునుడేంది మేడమ్, ఇంకోదాన్ని ఇడిచిపెట్టుడేంది?" అని ఓసారి అడిగింది. కారణమేమీ లేదు, కొలిచి రాసుకోవడమే అన్నాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం నా గదికొచ్చింది. ఆటోలు ఆగట్లేదని, లైబ్రరీ తలుపు ఎంత తోసినా కదలట్లేదని చెప్పింది. సరిగ్గా తినవు కదా అన్నాను. మూడు నెలల కిందట ఇచ్చిన ఛాప్టర్ చదివారా అని అడిగింది. సంచిలోనే ఉంది, చూస్తాలే అన్నాను. ఒక్కసారి తార్నాక దాకా రమ్మని బతిమాలితే విసుక్కుంటూనే వెళ్లాను.

మెట్రో స్టేషన్ కింద మందుల షాపు ముందు బరువు చూసుకునే మిషను ఉంటుంది. చెప్పులు విడిచి ఎక్కింది. ముల్లు సున్నా దగ్గరే ఉంది. మిషను పాడైందేమోనని నేనెక్కాను, అరవై ఎనిమిది చూపించింది. మళ్లీ ఆమె ఎక్కింది, మళ్లీ సున్నా. ఆమె వెనకాల ఆగిన లాలాపేట్ బస్సు కిటికీలు ఆమె మొహంలోంచి కనిపిస్తున్నాయి.

శిరీషా అని పిలిచాను. ముల్లు కదల్లేదు.

"నా పేరు పిలువుండ్రి మేడమ్," అంది. "ఒక్కసారి."

నాకు గుర్తు రాలేదు. ఎంత తన్నుకున్నా రాలేదు. సంచిలోంచి ఛాప్టర్ లాగాను. మొదటి పేజీలోనే, శీర్షిక కింద ఉంది.

కరుణా అని పిలుస్తూ తలెత్తాను. మిషను మీద ఎవరూ లేరు. చెప్పులు మాత్రం పక్కనే ఉన్నాయి. ఖాళీ మిషను మీద ముల్లు మెల్లగా లేచి నలభై రెండు దగ్గర ఆగింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం వెళ్తున్నాను. పేరు పిలుస్తాను, ముల్లు లేస్తుంది, ఛాప్టర్‌లో నాలుగు పేజీలు చదివి వినిపిస్తాను. చాలా బాగా రాసింది. ఆ మాట ఆమె ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేదని ఏడుపొస్తుంది.

నిన్న ఫోన్ చూసుకుంటూ పిలిచాను. ముల్లు కదల్లేదు.