పదకొండో పేజీలో ప్రశ్న

పెన్సిలు ఎడిటర్‌ది, పెన్ను రచయితది. మా క్లాసులో మొదటిరోజే అరుంధతి మేడమ్ చెప్పిన మాట ఇది. చదువుతుంటే సందేహం వచ్చిన చోట, పేజీ పక్కన వదిలిన ఖాళీలో ఎడిటర్ పెన్సిలుతో ప్రశ్న రాయాలి. రచయిత దానికి పెన్నుతో జవాబు రాస్తారు. ప్రశ్న నచ్చకపోతే రబ్బరుతో తుడిచేస్తారు.

యూనివర్సిటీలో శని, ఆదివారాలు నడిచే ఆర్నెల్ల కోర్సు అది. రాయడం, ఎడిటింగ్ నేర్పుతారు. నాతోపాటు చేరిన ఇరవైమందిలో ఎక్కువమంది ఎమ్మేలు చదివి, లెక్చరర్ పోస్టులకో పబ్లిషర్ల దగ్గర ఉద్యోగాలకో తయారవుతున్నవాళ్ళు. నా చదువు ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఆగిపోయింది. పది పాసైతే చాలని నోటీసులో ఉండబట్టి ధైర్యం చేశాను. తార్నాకలో పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న ఆఫీసువాళ్ళు, సర్టిఫికెట్ వచ్చినవాళ్ళలో ఒకరిని పనిలోకి తీసుకుంటామన్నారు. లాలాపేటలో మా ఇంటి నుంచి అక్కడికి ఒక్క ఆటో. మిగతావాళ్ళకు అది కంటికి ఆనని ఉద్యోగం. నాకు అందేది అదొక్కటే.

సర్టిఫికెట్ చేతికి రావాలంటే చివర్లో ఒక అసలు పుస్తకాన్ని అచ్చుకు ముందు ఎడిట్ చేసి, ఆ రచయితతో సంతకం పెట్టించుకోవాలి. నా వంతుకు వచ్చిన రచయిత అచ్యుతరామయ్య గారు. పిల్లల తిండి మీద ముప్పై ఏళ్ళు పరిశోధన చేసి రిటైరైన సైంటిస్టు. పసిపిల్లలకు ఏం పెట్టాలో, ఎలా వండాలో తల్లుల కోసం ఇరవై నాలుగు పేజీల్లో రాశారు.

నాలుగుసార్లు చదివాను. సందేహాలు రాకపోలేదు. కానీ అంత పెద్దాయన రాతపక్కన నా రాతేమిటనిపించి, వాటిని వేరే నోటుబుక్కులో రాసుకున్నాను. దాన్ని సంచిలో మా పాప పూర్ణి బట్టల కింద పెట్టాను.

అరుంధతి మేడమ్ ఆ కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. అన్ని పేజీల పక్కనా తెల్లగా ఉంది.

“ఇరవై నాలుగు పేజీల్లో నీకు ఒక్క ప్రశ్న కూడా రాలేదా స్వరూపా?”

ఆయన పెద్ద సైంటిస్టు కదా అని నసిగాను.

“పుస్తకం ఎవరి కోసం?”

“తల్లుల కోసం మేడమ్.”

“మీ పాపకెన్ని నెలలు?”

“పది.”

ఆమె కాగితాల కట్ట నా చేతిలో పెట్టి వారం గడువిచ్చింది.

సోమవారం మా అత్తమ్మ గోల్నాకలో ఆడబిడ్డ ఇంటికి పోయింది. పూర్ణీ నేనూ మిగిలాం. ఉగ్గు పెట్టే వేళయింది. పుస్తకంలో పదకొండో పేజీ ఉగ్గుదే. ఆయన రాసినట్టే చేసి చూద్దామని ఆ కాగితాన్ని పప్పు డబ్బాకు ఆనించి పొయ్యి వెలిగించాను. నీళ్ళు మరుగుతుండగా పిండిని కొద్దికొద్దిగా పోస్తూ, గరిటెతో ఆపకుండా కలపాలి అని ఉంది. కింద కూర్చోబెట్టగానే పూర్ణి ఏడుపు అందుకుంది. ఎత్తుకుని పొయ్యికి ఎడంగా సంకన వేసుకున్నాను. దాంతో ఒక చేయి పాపకే పోయింది. రెండో చేత్తో పిండి పోస్తే గరిటె ఆగుతోంది, గరిటె తిప్పితే పిండి ఆగుతోంది. చివరికి గిన్నె నిండా గోలీలంత ఉండలు. మెత్తగా చిదిపి పెట్టినా పూర్ణి నా భుజం మీద ఉమ్మేసింది.

సాయంత్రం అత్తమ్మ వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది.

“ఏందే గిది? ఇగ ఉగ్గు గూడ కాయితం జూసే వండుతున్నవా?”

కోర్సు పని అని చెప్పాను.

“ముగ్గుర్ని సాదిన. ఎన్నడన్న గిట్ల ఉండలు గట్టిందా? సల్లనీళ్లల్ల కలిపి, అటెంక పొయ్యి మీద పెట్టాలె. పిల్ల సంకలుండంగ ఇంకో చెయ్యి ఏడికెల్లి వస్తది?”

రోజూ నేను చేసేదీ అలాగే. అది పేజీ పక్కన రాయదగ్గ సందేహమని మాత్రం అంతవరకూ తోచలేదు. ఆ రోజే కూర్చుని పదకొండో పేజీ పక్కన పెన్సిలుతో రాశాను: ‘సార్, పాపను ఒక చేత్తో ఎత్తుకున్న తల్లి దీన్ని ఎలా కలపాలి?’ శనివారం కట్టను మేడమ్ చేతికిచ్చాను.

బుధవారం ఫోను మోగింది.

“పదకొండో పేజీలో రాసింది నువ్వేనా అమ్మా?” అన్నారు అచ్యుతరామయ్య గారు.

అవునన్నాను. ఆదివారం క్లాసుకు వస్తాను, అప్పుడు మాట్లాడదామని పెట్టేశారు.

ఆయన సంతకం పెట్టనంటే ఆర్నెల్లూ నీళ్ళపాలే. మావారు దేవేందర్‌కు చెబితే నవ్వాడు.

“గంత పరేషానెందుకు? రాసింది పెన్సిల్‌తోనేనాయె. రబ్బరు పట్కపో, తుడిచెయ్.”

నిజంగానే కొత్త రబ్బరొకటి తెచ్చిచ్చాడు. నేను నిజంగానే సంచిలో వేసుకున్నాను.

ఆదివారం అత్తమ్మకు జ్వరం. పూర్ణిని ఎత్తుకునే బస్సెక్కి తార్నాకలో దిగి, క్యాంపస్ లోపలికి నడిచాను. డిపార్టుమెంటు వరండాలో బెంచీ పక్కన ఆయన అప్పటికే నిలబడి ఉన్నారు. ముఖంలో నవ్వు లేదు. చేతిలోని కట్టలో పదకొండో పేజీ పైకి తీసి ఉంది. నా ప్రశ్న అలాగే ఉంది. దాని కింద పెన్నుతో ఏమీ రాయలేదు.

సంచిలోంచి రబ్బరు తీశాను. “తప్పయితే తుడిచేస్త సార్.”

“ముందు నా మాట విను. ల్యాబులో నేను కలుపుతుంటే పిండి పోయడానికి పక్కన ఒక మనిషి ఉండేవాడు. ముప్పై ఏళ్ళూ ఎవరో ఒకరు ఉన్నారు. ఆ మనిషి సంగతి పుస్తకంలో రాయడం మరిచిపోయాను.”

నా ప్రశ్న చదివి ఆయన వంటింట్లోకి వెళ్ళారట. లావుపాటి నిఘంటువును పాపలా సంకన పెట్టుకుని తన ఉగ్గు తనే వండారట. ఉండలు కట్టింది. గిన్నె మాడింది. వాళ్ళావిడ కమలాదేవి గారు వచ్చి చూసి, నవ్వు ఆపుకోలేక గడపలోనే కూలబడ్డారట. మన పిల్లలిద్దరికీ ఉగ్గు ఎవరు వండి పెట్టారనుకున్నారు అని అడిగారట.

“నువ్వెలా చేస్తావో చెప్పు.”

చెప్పాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి మూడు వాక్యాలు కొట్టేసి, చల్లనీళ్ళతో మొదలుపెట్టి కొత్తగా రాశారు. ఇదే సమయమనుకుని సంతకం కాగితం ముందుకు చాపాను.

“ఇవాళ పెట్టను” అన్నారు.

చాపిన కాగితం వెనక్కి తీసుకున్నాను.

“ఇన్ని పేజీలకు ఒక్కటే ప్రశ్నా? మిగతావేవి?”

రబ్బరును సంచిలో పడేసి, పూర్ణి బట్టల కింద నుంచి నోటుబుక్కు లాగాను. లోపల ముప్పై ఒక్క ప్రశ్నలున్నాయి. నాలుగో పేజీలో కప్పు పిండి అన్నారు, ఎవరింటి కప్పుతో కొలవాలి. తొమ్మిదో పేజీలో ప్రతి మూడు గంటలకూ పెట్టమన్నారు, నిద్రపోతుంటే లేపాలా. ఆయన మొదటి నాలుగు నిలబడే చదివారు. అయిదోదానికి బెంచీ మీద కూర్చున్నారు.

“ఇవన్నీ పేజీల్లోకి ఎక్కాక సంతకం పెడతాను. క్లాసుకింకా గంట ఉంది. మొదలుపెట్టు.”

పక్కన కూర్చుని ఒక చేత్తో కట్ట విప్పబోయాను. కాగితాలు జారాయి. పట్టుకునేలోగా పూర్ణి పెన్సిలు గుంజుకుంది. ఆయన ఒక నిమిషం చూశారు. పెన్ను జేబులో పెట్టుకుని రెండు చేతులూ చాపారు.

“పాపను ఇటివ్వమ్మా. నీకు రెండు చేతులూ కావాలి.”

పూర్ణి ఆయన్ను చూసింది, నన్ను చూసింది, కళ్ళద్దాల మీద చెయ్యేసి ఆయన ఒళ్ళోకి వెళ్ళిపోయింది. నేను పెన్సిలు అందుకుని మొదటి పేజీ తెరిచాను.