అల్లుడి బ్యాటరీ, నా టమాటా డ్రమ్ము

నా రాతలో తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, లైబ్రరీవాళ్లు పెట్టిన క్లాసులో అక్షరాలు నేర్చుకున్నాను. ఒక్కో పేజీకి ఒక పూట పడుతుంది.

మా అల్లుడు ఎలియో ఇంటికప్పు నిండా సోలార్ పలకలు వేయించి, గరాజు గోడకి బీరువా అంత బ్యాటరీ తగిలించాడు. ఆనాటి నుంచి, అప్పట్లో నేనూ ఉన్న ఆ ఇంట్లో మురికికీ ఆకలికీ కూడా వేళలు వచ్చాయి. పగలు పది నుంచి మూడు దాకా కరెంటు చౌక కాబట్టి ఉతకడం, వండడం అప్పుడే. మూడు దాటాక వచ్చే ఎండంతా బ్యాటరీకి. సాయంత్రం అడిలైడ్ అంతా ఏసీలు వేసుకునే వేళ ఆ దాచిన కరెంటుని కంపెనీకి అమ్మి, యుద్ధం గెలిచినట్టు నవ్వేవాడు. నా కూతురు రొజీనా అతని ఫోను వంక చూడందే ఇస్త్రీపెట్టె ముట్టేది కాదు. అంత చదువుకున్న మనిషి ఒక డబ్బాకి ఊడిగం చేయడం నేనెక్కడా చూడలేదు.

ఫిబ్రవరిలో, అంటే ఇక్కడ నడి ఎండాకాలంలో, మేం ఏటా చేసుకునే టమాటా సాస్ రోజు వచ్చింది. ఏడాదంతా మేం తినేది ఆ సాసే. కాయలు మరపట్టి, సీసాల్లో పోసి, నీళ్ల డ్రమ్ములో పేర్చి కట్టెల మీద మరిగిస్తాం. మధ్యలో ఆపితే సాస్ పులిసి సీసాలు పేలతాయి. ఆ రోజు ఎండ ముదిరిందని, మంటలు అంటుకుంటాయని ఆరుబయట పొయ్యి వెలిగించడం సర్కారువాళ్లు నిషేధించారు. కాయలేమో అప్పటికే మెత్తబడుతున్నాయి.

"కట్టెలెందుకు అత్తయ్యా, ఎండ ఉండగా," అంటూ ఎలియో డ్రమ్ములో పెద్ద హీటర్ రాడ్ దింపి, ఫోనుతో నడిచే ప్లగ్గుకి తగిలించి ఆఫీసుకి వెళ్లాడు.

నీళ్లు మరిగేసరికి రెండు దాటింది. మూడింటికి బుడగలు ఆగిపోయాయి.

మూతలు బిగించడానికి వచ్చిన మా ఆడపడుచు నున్జియా డ్రమ్ములోకి తొంగిచూసింది. "కరెంటు పోయిందా వదినా?"

"కరెంటు పోలేదు. మా అల్లుడికి బుద్ధి పోయింది."

ఫోను చేశాను.

"మూడైంది కదా అత్తయ్యా. ఆ వేడికే ఉడుకుతాయిలే."

"ఉడకవు. మళ్లీ వెయ్యి."

"ఇవాళ రేటు బాగుంది, బ్యాటరీ నిండాలి. రేపు పదింటికి వేస్తాను."

"రేపటికి సాస్ ఉండదు నాయనా, కల్లు ఉంటుంది."

అతను ఫోను పెట్టేశాడు. ఆ వెంటనే ముందు గదిలో ఏసీ దానంతటదే రొద మొదలుపెట్టింది. లోపల మనిషి లేడు. దొరగారు వచ్చేసరికి గది చల్లబడాలని ఆఫీసు నుంచే వేశారు.

"సోఫాకి చెమట పట్టినట్టుంది," అంది నున్జియా.

ఏసీ ప్లగ్గు పీకేశాను. రాడ్ తీగని కిటికీలోంచి లాగి, ఫోను మాట వినని ఆ గోడ ప్లగ్గులో పెట్టాను. చీకటి పడేదాకా డ్రమ్ము మరుగుతూనే ఉంది.

ఎలియో వస్తూనే మమ్మల్ని పలకరించకుండా గరాజులోకి పోయాడు. "బ్యాటరీ ఎవరు తాగేశారు?"

"టమాటాలు," అంది నున్జియా. "పాపం, దాహమేసింది."

"ఇది నా ఇల్లు అత్తయ్యా. ఇక్కడ ఏదైనా నేను చెప్పినప్పుడే."

"తప్పయిందని ఒక్క మాట అనెయ్యమ్మా," అని రొజీనా నా చెయ్యి పట్టుకుంది.

నేను అనలేదు. ఒక డబ్బా నిండలేదని మనిషిని చులకన చేసే చోట తప్పు ఒప్పుకుంటే, రేపు నా నిద్రకీ వేళ పెడతాడు.

మర్నాడు చల్లారిన సీసాలన్నీ, నా బట్టల పెట్టెతో సహా, నున్జియా కారులో ఎక్కించాను. రొజీనా గేటు దగ్గర కళ్లు తుడుచుకుంటూ నిలబడింది. దానికొక సీసా ఇవ్వాలని మనసు లాగింది గానీ, ఆ సాస్ అతని పళ్లెంలోకే పోతుంది. "తినాలనిపిస్తే నా దగ్గరికి రా," అన్నాను. ప్రతి ఆదివారం వస్తుంది. అల్లుడు నమస్కారం చెప్పి పంపుతాడు. నేను బదులు నమస్కారం పంపను.

ఇమ్మకొలాటా, డెబ్బై నాలుగేళ్లు, నున్జియా ఇంటి వెనక గది, క్యాంప్‌బెల్‌టౌన్.