పేరయ్య లుంగీలు, సుబ్బులు చీరలు

భోజనాల వేళ దాటితే చాలు, తెనాలి ఐతానగర్‌లో గంగరత్నం ఇంటిముందు దండెం నిండా పాత చీరలు ఆరుతుండేవి. ఉడుకునీళ్ళలో నానబెట్టి ఉతికి, ఆరాక చిరుగులు లోపలికి పోయేలా ఒకదాని మీద ఒకటి పరిచి, మూలల్లో ఇటుకరాళ్ళు పెట్టి, అంచు దగ్గర మొదలుపెట్టి మధ్యకు కుట్టుకుంటూ వచ్చేది. ఊళ్ళో బొంతలు కుట్టే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. మారీసుపేటలో సుందరమ్మ వసారాలో అయిదారుగురు కలిసి కూర్చుని కుడతారు. గంగరత్నం మాత్రం ఒక్కతే కుడుతుంది.

గంగరత్నం కుట్టిన బొంత ఊపిరి పీల్చుకుంటుంది. కుట్టు మధ్యకు చేరేసరికి గుడ్డ మెల్లగా లేచి దిగుతుంది. ఎవరు కట్టి విడిచిన బట్టలతో కుడితే వాళ్ళ ఊపిరే అందులో ఆడుతుంది, వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా సరే. అందుకే లారీల మీద పోయేవాళ్ళ తల్లులు, పడవలెక్కేవాళ్ళ పెళ్ళాలు రేపల్లె నుంచీ సూర్యలంక నుంచీ వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. బాపట్లలో సుబ్రహ్మణ్యం మాస్టారు బడి వెనక చాటుగా చుట్ట కాలిస్తే ఇంట్లో ఆయన బొంత దగ్గేది. ఆయన గుమ్మంలో అడుగు పెట్టకముందే భార్య లలిత మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురొచ్చేది.

ఇంతమందికి కుట్టిపెట్టిన గంగరత్నానికి బొంత అంటే భయం. ఊపిరి మొదలైన బొంతని ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉంచేది కాదు.

ఆ భయం సుందరమ్మ వసారాలో పట్టుకుంది. అప్పట్లో గంగరత్నం కూడా అక్కడే కుట్టేది. మొగుడు సింగరయ్య తెనాలి సంతలో ఎండుచేపలు అమ్మేవాడు, వేట బాగున్న రోజుల్లో సూర్యలంక పోయి అన్నగారి పడవెక్కేవాడు. అతని బొంతని పక్కన పెట్టుకుని కుట్టుకోవడం ఆవిడకి అలవాటు. అరవై తొమ్మిది గాలివానలో, ఆవిడ పెరట్లో చేతులు కడుక్కుంటుండగా ఆ బొంత ఆగిపోయింది. ముందు చూసింది సుందరమ్మ. చూసి, మాట్లాడకుండా మడిచి తన చాప కింద పెట్టి, గంగరత్నానికి అన్నం వడ్డించింది. పప్పూ మజ్జిగా కడుపునిండా తిన్నాక చెప్పింది.

"మొగుడు పోయాక నాచేత అన్నం తినిపించావు" అని లేచి వచ్చేసింది గంగరత్నం. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

కూతురు సుబ్బులుని సముద్రం ఉన్న ఊరికి ఇవ్వనంది. కానీ సుబ్బులు మనసు పడింది సూర్యలంక పేరయ్య మీద. చివరికి ఒప్పుకోక తప్పలేదు. డెబ్భై ఏడు దసరా వెళ్ళాక సుబ్బులు ఒక మూట తెచ్చి తల్లి ముందు విప్పింది. అందులో పేరయ్య లుంగీలు, తన చీరలు ఉన్నాయి.

"రెండూ కలిపి ఒక్కటే కుట్టమ్మా. ఆయన వేటకి పోతే చూసుకుంటాను."

"నీ చీరలెందుకే?"

"ఒక్క లుంగీలే అయితే బొంత చాలదు. ఆయన పొడుగు కదా." సుబ్బులు నవ్వింది. "నువ్వు ఊళ్ళో అందరికీ కుడతావు, నాకే కుట్టవు."

"కదులుతుంటే చూడ్డానికి బాగానే ఉంటది. ఆగిన రోజు?"

సుబ్బులు మూట అక్కడే వదిలి సాయంత్రం బండికి వెళ్ళిపోయింది.

కార్తీకమాసం వచ్చాక గానీ గంగరత్నం ఆ మూట ముట్టుకోలేదు. ఒక సగం లుంగీలు, ఒక సగం చీరలు పరిచింది. మధ్యకు రాగానే చెయ్యి ఆగిపోయేది. ఇవాళ కాదు రేపు అనుకుని లేచిపోయేది. ఒక శుక్రవారం మాత్రం గుండె గట్టి చేసుకుని కుట్టు పూర్తి చేసింది. దారం ముడి వెయ్యకముందే లుంగీల వైపు బరువుగా లేచింది. ఆ వెనకే చీరల వైపు, సుబ్బులు చిన్నప్పుడు తన పక్కలో పడుకున్నప్పటి లాగే, పొట్టి పొట్టి ఊపిర్లు మొదలయ్యాయి. పొద్దున్నే తీసుకెళ్ళి ఇచ్చేద్దామని ఎదురుగా కూర్చుని ఆ రాత్రి అలాగే గడిపింది.

తెల్లవారేసరికి గాలి లేచింది. టీకొట్టు దగ్గర రేడియోలో తుఫాను అంటున్నారు. గంగరత్నం బొంతని ప్లాస్టిక్ కాగితంలో చుట్టుకుని స్టేషనుకి పోయింది. టికెట్ల దగ్గర ఉండే సంజీవరావు ఆవిడని ఎరుగును.

"బాపట్ల వైపు బండ్లు ఆపేశారమ్మా. బస్సులు కూడా పోవట్లేదు. ఇంటికి పో."

"మా అమ్మాయి సూర్యలంకలో ఉందండి."

"పడవలు ఒడ్డుకి లాగేసుంటారులే. ఇంట్లో ఉన్నవాళ్ళకి ఏం కాదు."

ఇంటికొచ్చి బొంత పరిచింది. సంజీవరావు చెప్పినట్టు ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారేమో, రెండు వైపులా ఊపిరి మామూలుగానే ఉంది. మధ్యాహ్నానికి ఎదురింటి పెంకులు ఎగిరిపోయాయి. దండెం తెగి కొట్టుకుపోయింది. సాయంత్రం అవుతుండగా బొంత రెండు సగాలూ ఒక్కసారిగా ఎగిరెగిరి పడ్డాయి. పరుగెత్తేవాళ్ళ రొప్పులా ఉంది. తర్వాత రెండూ బిగబట్టాయి. నీళ్ళలో మునిగినవాళ్ళు అలా బిగబడతారు. గంగరత్నం పడవలవాళ్ళ ఇంట పుట్టింది, ఆవిడకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

చీరల వైపు మెల్లగా అణిగిపోతోంది. చెయ్యి వేస్తే మామూలు పాత గుడ్డలా చల్లగా తగిలింది. ఏం చెయ్యాలో తెలియక ఆవిడకి చేతనైన ఒక్క పనే చేసింది. సూది తీసి గుచ్చింది. గుడ్డ పైకి లేచింది. సూది లాగింది. గుడ్డ దిగింది. మళ్ళీ గుచ్చింది. కుట్టు వెంట ఊపిరి నడుస్తోంది. తల తిప్పి చూస్తే ఇవతల లుంగీలు అణిగిపోతున్నాయి. ఇటు జరిగి నాలుగు కుట్లు వేసింది. ఇది లేచింది, అది అణిగింది. అటు పోయింది. ఇటు వచ్చింది. తొందరలో సూది వేళ్ళలో దిగింది. రెండు సగాల మధ్య మోకాళ్ళ మీద పాకుతుంటే, ఈసారి అటు చేరేసరికి అది లేవదేమోనని భయమేసింది.

ఒక్కతే ఇద్దరినీ నడపలేదు. ఎవరో ఒకరిని వదిలెయ్యాలి. లేదా సుందరమ్మ దగ్గరికి పోవాలి.

బొంతని గుండెలకు హత్తుకుని, పైన ప్లాస్టిక్ కాగితం కప్పుకుని వానలో పడింది. కాలవ వంతెన మీద గాలి ఆవిడని రెండుసార్లు కూలేసింది. నడుస్తూనే, కాగితం కింద చేత్తో ఒకసారి లుంగీలని, ఒకసారి చీరలని జోకొట్టింది. దారిలో కూలిన చెట్లు ఎలా దాటిందో తర్వాత ఎంత అడిగినా చెప్పలేకపోయింది.

సుందరమ్మ తలుపు తీసింది. లోపల ఆ వసారాలో కుట్టే రిబ్కా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు గాలికి భయపడి ఒక్కచోట చేరి ఉన్నారు.

"అక్కా" అంది గంగరత్నం. "నా చేతులు చాలట్లేదు."

సుందరమ్మ బొంత అందుకుని చాప మీద పరిచి చూసింది.

"ఎవరివి?"

"సుబ్బులు చీరలు. లుంగీలు అల్లుడివి."

"నువ్వు పిల్ల దగ్గర కూర్చో. అబ్బాయిని నేను చూస్తా. రిబ్కా, నా పక్కకి రా. నా చెయ్యి పట్టేస్తే అందుకో."

అందరూ కూర్చున్నారు. పైకప్పు మీద పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. వాన లోపలికి కొడుతోంది. లాంతరు ఆరితే చీకట్లోనే తడుముకుంటూ కుట్టారు. దారం ఉండ అయిపోయింది. రిబ్కా తను కట్టుకున్న చీర అంచు చింపి పోగులు లాగి ఇచ్చింది. ఒకసారి లుంగీల వైపు బొత్తిగా లేవలేదు. సుందరమ్మ ఆపలేదు. "లేవరా నాయనా, లేవరా" అంటూ ఒకే తీరున గుచ్చుతూ పోయింది. ఎంతసేపటికో గుడ్డ ఒక్కసారి ఎగిరి పడింది.

తెల్లవారింది. గాలి తగ్గింది. ఇప్పుడు అసలు భయం పట్టుకుంది. సూది ఆపితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు.

"నువ్వాపు చూద్దాం" అంది సుందరమ్మ.

"నువ్వాపక్కా ముందు."

ఇద్దరూ కుడుతూనే ఉన్నారు. చివరికి రిబ్కా రెండు చేతులూ చాచి ఇద్దరి మణికట్లూ పట్టుకుంది. సూదులు ఆగాయి. బొంత అలాగే పడి ఉంది. గంగరత్నం కళ్ళు మూసుకుంది.

"చూడవే" అంది సుందరమ్మ.

చీరల వైపు లేచింది. పొట్టి ఊపిరి. ఆ వెనకే లుంగీలు. ఎవరూ ముట్టుకోకుండానే.

సుందరమ్మ లేచి వంటింట్లోకి పోయి చద్దన్నం కలుపుకొచ్చింది. గంగరత్నం ఆవిడ చేతిలోంచి తిన్నది.

రోడ్లు తెరుచుకున్నాక గంగరత్నం బియ్యం లారీ మీద బాపట్ల చేరింది. బడి వరండాల నిండా మనుషులు. వాళ్ళలో ఒక మూల సుబ్బులు దొరికింది. పెదవులు పగిలి, ఒళ్ళంతా గీరుకుపోయి, పేరయ్య భుజం మీద తల వాల్చి ఉంది. ఉప్పెన ఇద్దరినీ సరుగుడు తోటలోకి విసిరేసిందట.

"నీళ్ళు మింగాను, ఇంక చాల్లే అనిపించింది" అంది సుబ్బులు. "హాయిగా కూడా ఉందమ్మా. ఎవరో పోనివ్వలేదు. గుండె నాది కానట్టు కొట్టుకుంది."

పేరయ్య తల వంచుకుని, "నన్ను ఎవరో లేవరా అని తిట్టినట్టు గుర్తు, అత్తా" అన్నాడు.

గంగరత్నం ఇద్దరినీ తెనాలి తీసుకొచ్చింది. పేరయ్య బియ్యం మిల్లులో పనికి కుదిరాడు. మళ్ళీ పడవెక్కలేదు.

తర్వాత ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. గంగరత్నం ఆ ఒడ్డు పొడుగునా ఉన్నవాళ్ళకి ఏళ్ళ తరబడి బొంతలు కుట్టి ఇచ్చింది. ఒక్కొక్కరే ఆగిపోయిన బొంత చంకన పెట్టుకుని, గంగరత్నం మళ్ళీ చేరిన సుందరమ్మ వసారా ముందు నిలబడేవాళ్ళు. గంగరత్నం బొంత అందుకుని అరచెయ్యి ఆనించి చూసేది. చూడక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. అయినా చూసేది. ప్రతిసారీ, ఇది తన కూతురిది కాదు గదా అని ఒక్క క్షణం ఒళ్ళు చల్లబడేది.

సూర్యలంక నుంచి అంకమ్మ వచ్చింది. ఆవిడకి మిగిలింది ఇద్దరు చిన్న మనవరాళ్ళు. కొడుకు బొంత కిందపెట్టి, "దీన్ని విప్పదీసి పిల్లలకి గౌన్లు కుట్టమ్మా. కట్టుకోడానికేం లేవు" అంది.

గంగరత్నం కత్తెర తీసుకుంది గానీ మొదటి కుట్టు కొయ్యడానికి చెయ్యి రాలేదు. లోపల్నుంచి సుబ్బులు వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక సూది పట్టని పిల్ల. తల్లి చేతిలోంచి కత్తెర తీసుకుని, అంకమ్మ పక్కన కూర్చుని, అంచు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క కుట్టే విప్పడం మొదలుపెట్టింది. అంకమ్మ రాలిన పోగులు ఏరి కొంగులో వేసుకుంటోంది.

గంగరత్నం ఎదురుగా కూర్చుంది. విప్పిన గుడ్డని సుందరమ్మ గౌనుకి కొలుస్తుంటే తను దారం ఎక్కిస్తోంది. ఎక్కించిన ప్రతిసారీ తలెత్తి కూతురి గుండెల వంక చూస్తోంది. అవి లేచాక గానీ సూది గుడ్డలో గుచ్చట్లేదు.