పొయ్యి గురించిన కాగితం

నా అక్షరదోషాలనూ నిదానాన్నీ మన్నించండి.

ఆసుపత్రులు కర్బన ఉద్గారాలు తగ్గించి తీరాలని చట్టం వచ్చింది. మా ఆసుపత్రిలో చెత్త కాల్చే పొయ్యి పని మా ఆయనది. ఆయన పోయాక నాది. గుమస్తా ఒక కాగితం తెచ్చాడు.

"వేలిముద్ర వెయ్యి పెద్దమ్మా. పైవాళ్ళకి పంపాలి."

కూడబలుక్కుని చదివాను. పొయ్యి రోజుకు ఒక్కసారే వెలిగిస్తున్నామని ఉంది.

"నాలుగుసార్లు కదా బాబూ."

"నాలుగు అక్షరాలు రాగానే నాకే పాఠాలా? నిజం రాస్తే పొయ్యి మూసేస్తారు. నీ పనీ పోతుంది, ఉంటున్న గదీ పోతుంది."

నాకేమీ అనిపించలేదు. ఆయన పోయినరోజూ ఇంతే. ఒకటి కొట్టేసి నాలుగు వేశాను. కింద సంతకం పెట్టాను.

ఇట్లు,
పొయ్యి ఆయా, అరవై మూడేళ్ళు. ప్రస్తుతం ఆడపడుచు ఇంటి వరండాలో ఉంటున్నాను.