మోకు పట్టిన చెయ్యి

నేను ఒక మోకుని. ఎవరైనా ఉత్త తాడు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. తాడుతో బర్రెల్ని కడతారు. నన్ను తన నడుముకూ తాటిచెట్టుకూ కలిపి చుట్టుకుని కల్లు గీసేవాడు ఆకాశం దాకా పోతాడు. నార పేని, పైన తోలు చుట్టి నన్ను చేసినవాడు మల్లాగౌడ్. ఆయన మోకాళ్ళు మొరాయించాక కొడుకు పర్శరాములు చేతికి వచ్చాను. పన్నెండేళ్ళు రోజుకు రెండు పూటలా ఆ చేతుల్లోనే బతికాను. ఆ పట్టు నాకు తెలిసినంతగా ఆయన పెళ్ళాం అండాలుకు కూడా తెలియదు.

ముసురు పట్టిన ఒక పొద్దున ఆయన చెట్టు దిగుతుండగా నేను జారాను. తెగలేదు, జారాను. తెగినా నాకింత సిగ్గుండేది కాదు. రెండు నిలువుల ఎత్తు నుంచి పడ్డాడు. తల రాయికి తగిలింది.

తోటి గౌడులు ఉరికొచ్చి లేపి కూచోబెట్టారు. "నెత్తురు సుక్క లేదు, ఏం గాలే" అన్నారు. ఆయన కూడా "నాకేమైంది?" అంటూ చెంబెడు నీళ్ళు తాగాడు. మనుషుల లెక్కే అంత, బయటికి కారితేనే దెబ్బ! గంట తిరిగేసరికి మాట ముద్దముద్దగా వచ్చింది. ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు. నెత్తురు తల లోపల పేరుకుని మెదడును నొక్కేసిందని పట్నం ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది గానీ తెలివి రాలేదు.

ఇరవైమూడో రోజు కళ్ళు తెరిచాడు. అండాలు వార్డంతా బెల్లం పంచింది. డాక్టరు మాత్రం ఆయన కళ్ళ ముందు వేలు ఆడించాడు. చూపు వేలి వెంట పోలేదు.

"కళ్ళు తెరవడం వేరమ్మా, మనిషికి తెలియడం వేరు. ఇలా నెలలు కూడా గడవచ్చు" అన్నాడు.

ఆమెకు ఆ మాట ఎక్కలేదు. ఊరికి పోయి నన్ను సంచిలో వేసుకొచ్చింది. "పట్టుకోవయ్యా" అంటూ ఆయన అరచేతిలో పెట్టింది. వేళ్ళు ముడుచుకున్నాయి.

"గుర్తువట్టిండు! మోకును గుర్తువట్టిండు!" అని నవ్వుతూ ఏడ్చింది.

అది ఆయన పట్టు కాదు. ఆయనైతే ముందు బొటనవేలితో నన్ను తడిమి, ఆ తర్వాతే బిగించేవాడు. ఇది పసిగుడ్డు చేతిలో ఏది పెట్టినా ముడుచుకునే పిడికిలి. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా ఆ తల్లికి చెప్పేదాన్ని కాదు.

నెల రోజులు ఇదే వరస. నర్సు సువార్త చూసి చూసి ఉండబట్టలేకపోయింది. "అక్కా, పట్టుకొనుడు చెయ్యి దానంతటదే చేస్తది. ఇడువుమని చెప్పు. చెప్పినంక ఇడిసిండంటే, నీ మాట ఇంటున్నట్టు."

అండాలు ముఖం పాలిపోయింది. మల్లాగౌడ్ ఇంట్లో 'ఇడువు' అన్న మాట ఎవరూ అనరు. మగవాడు చెట్టు మీద ఉండగా ఆడవాళ్ళ నోట అది రాకూడదని ముసలాయన కట్టడి. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆమె ఒక్కనాడూ అనలేదు. ఇప్పుడంటే ప్రాణం మీదికి తెచ్చినదాన్నవుతానేమోనని నాలుగు రోజులు నోరు పెగల్లేదు.

ఐదో రోజు ఆయన ఒళ్ళు తుడిచింది. దుప్పటి సర్ది, చెవి దగ్గరికి వంగింది.

"ఇడువయ్యా."

వేళ్ళు కదల్లేదు.

"నువ్వు చెట్టు మీద లేవు. కిందనే, నా పక్కనే ఉన్నవ్. ఇగ ఇడువు. ఏం గాదు, నేనున్న."

మూడోసారి ఇంకా దగ్గరికి వంగి అదే మాట అంది. ఇన్నేళ్ళలో ఆయన నన్ను వదలాలని నేనెన్నడూ కోరుకోలేదు. ఆ రోజు కోరుకున్నాను. ఒక్క చిటికెన వేలు చాలు దేవుడా, అనుకున్నాను.

చివరికి అండాలే ఒక్కొక్క వేలూ విప్పి నన్ను తీసింది. ఎర్రబడ్డ ఆ అరచేతిని కొంగుతో తుడిచింది.

"ఇంకా చెట్టు దిగలే సిస్టర్" అంది, అటుగా వచ్చిన సువార్తతో. "రేపు మల్ల పిలుస్త."